మాట పడలేక

కంప్రెసర్ పెరట్లో ఉంది, కారు నిలిపే చోటు ఇంటి ముందుంది. మధ్యలో గోడ వెంబడి గాలి గొట్టం. నేల మీద పడుకుని దాని అతుకులు చూస్తున్న పెయింటరూ, సబ్బునీళ్ల మగ్గుతో పక్కన కూర్చున్న భార్యా పొద్దుట్నుంచీ దానితో నానా తిప్పలూ పడుతున్నారు.

“...అందుకే పెరట్లో పెట్టింది. ఇక్కడుంటే రంగు తుప్పరంతా అదే మింగేస్తుంది. స్విచ్చి వేశావా?”

“వేశాను. వంటింట్లో గిన్నెలన్నీ గడగడలాడుతున్నాయి. ఎప్పటికి ఆగుతుందండీ ఇది?”

“ట్యాంకు నిండితే దానంతటదే ఆగుతుంది. అప్పుడు కూడా ఎక్కడైనా సుయ్యిమంటే అక్కడ లీకున్నట్టు.”

“ఉంటే?”

“ఉంటేనా? గాలి చాలక గన్ను రంగు ఉమ్ముతుంది. మాష్టారి కారు తలుపు నిండా మచ్చలే. ఇంటి దగ్గర పెట్టుకున్నాక మొదటి బండే అలా వెళ్తే రెండోది గుమ్మం తొక్కుతుందా?”

“తొక్కదు.”

“ఏంటీ?”

“తొక్కదన్నాను. ఈ తంటాలన్నీ దేనికి, ఆ షెడ్డులోనే పని చేసుకుంటూ ఉంటే పోయేదిగా! ఓనరు మంచివాడే కదా.”

“మళ్లీ మొదలెట్టావా? మాట పడలేక మానేశానని చెప్పానుగా.”

“ఇన్నేళ్లలో ఒక్క మాటన్నాడా ఆయన? ఏమన్నాడో అదైనా చెప్పరు.”

“ఇటు తిరిగి చెప్పు. ఈ మోటారు గోలలో ఒక్క ముక్క అర్థం కావట్లేదు.”

“ఏమన్నాడూ అంటున్నా!”

“ఏదో అన్నాడులే. ఇక్కడ పోయ్ సబ్బునీళ్లు... బుడగల్లేవు. ఇది బాగానే ఉంది.”

“అక్కడ కాదు. అదిగో, మీ మోకాలి దగ్గర సుయ్యిమంటోంది.”

“ఆఁ, ఆఁ.”

“ఆఁ ఏంటి? టేపు ఇవ్వనా?”

“రేపు పొద్దున్నే తెస్తానన్నారు మాష్టారు.”

“రేపు కాదండీ, టేపు! లీకు అక్కడ!”

“నీకు అక్కడేం పని? ఇక్కడే కూర్చో, నీరసంగా ఉంటే.”

“ఏమండీ, మీకు...”

“ఏంటలా చూస్తావు? పోయ్.”

“పోశాను. మీ మోకాలి దగ్గర పోశాను. చూడండి.”

“ఓరి నాయనో, ఇంత నురగా! ఇంత లీకున్నా శబ్దమే లేదే!”

“లేదా?”

“ఉంటే వినపడదూ? మోటారు ఆగాక తెలిసేదిలే. ముందు టేపు అందుకో... ఏమైంది నీకు? ఆ కళ్లనీళ్లేంటి? సబ్బు పడిందా?”

“మోటారు ఆగి చాలాసేపైందండీ.”

“ఏంటీ?”

“మీరు మానేసింది మాట పడలేక కాదు. మాట వినపడక.”

“కాస్త ఉండవే. ఆ మోటారు ఆగనీ, అప్పుడు చెబుదువుగాని.”