అంబుజం గారి చివరి మట్టిజాడీ

1992 జూలై 6వ తేదీన పుదుచ్చేరిలోని మన చేపపిల్లల పెంపక కేంద్రంలో ప్రయోగశాల సహాయకురాలిగా చేరిన శ్రీమతి కె. అంబుజం గారు, మూడు దశాబ్దాలకు మించిన నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. అభినందించడానికి కలం పట్టిన ఈ వ్యాసకర్తకు ముందుగా కోపమే వస్తోంది.

చేపపిల్లలకు మేతగా వారు పెంచిన నీటిపురుగులు ఆవగింజంత ఉంటాయి. మేత దండిగా ఉన్నన్నాళ్లు వాటిలో తల్లి మగతోడు లేకుండానే అచ్చం తనలాంటి కూతుళ్లను కంటుంది. కరువు ముంచుకొస్తే మగవి పుడతాయి. జతకూడిన తల్లులు పెట్టే గట్టి పెంకు గుడ్లు ఎండిన మట్టిలో ఏళ్లతరబడి నిద్రిస్తాయి. లేచిన పిల్లల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. ప్రాణికోటి తన పరిణామంలో తొందరకొక దారి, ఆపదకొక దారి ఎందుకు దాచుకుందో అంబుజం గారికి తెలుసు. అందుకే బాహూరు చెరువు ఎండినప్పుడల్లా మట్టి తెచ్చి నలభై జాడీల్లో భద్రపరిచారు. మూత తీస్తే లోపల కప్పలు కచేరీ చేస్తాయని ఈ వ్యాసకర్త క్యాంటీనంతా చాటినా, వారు నవ్వి ఊరుకున్నారు.

2019లో తనిఖీకి ముందు అధికారి దామోదరన్ గారు ఆ జాడీలున్న బీరువా తెరిచారు.

"ఏందమ్మా ఇది, ఆఫీసా, ఇటికల బట్టీనా?"

"మట్టి గాదు సార్. గుడ్లు నిద్రపోతా ఉండాయి."

"నిద్రపోయేదానికి గవర్నమెంటు బీరువా ఏంటికి? పారెయ్యండి!"

ముప్పై తొమ్మిది జాడీలు మురుక్కాలువ పాలయ్యాయి. మోసింది మనమే. ఒక్కటి మాత్రం టిఫిన్ క్యారియర్‌తోపాటు సంచిలో అంబుజం గారింటికి చేరింది.

రెండేళ్లకు నీటిపురుగుల తొట్లలో తెగులు పడింది. అన్నీ ఒకే తల్లి కూతుళ్లు కనుక ఒకదాన్ని చంపిన తెగులు అన్నిటినీ చంపింది. చేపపిల్లలను మనం కోడిగుడ్డు సొనతో నెట్టుకొస్తుండగా, అంబుజం గారు ఇంటి నుంచి జాడీ తెచ్చి, అందులోని సగం మట్టిని నీళ్లలో కలిపి కాపలా కూర్చున్నారు. నాలుగో రోజు నీరు కదిలింది. పుట్టినవాటిలో కొన్ని చచ్చాయి, కొన్ని తట్టుకున్నాయి. ఆ కొన్నే తొట్లన్నీ నింపాయి. ప్రశంసాపత్రం దామోదరన్ గారికి దక్కింది. నివేదికలో అంబుజం గారి పేరు లేదు. సిగ్గుచేటు!

మొన్న బాధ్యతల అప్పగింత జాబితాలో విరిగిన కుర్చీకి, అరిగిన చీపురుకు చోటు దొరికింది, జాడీకి దొరకలేదు.

"మట్టి స్టాకులో రాదమ్మా," అన్నారు దామోదరన్ గారు.

"నా పేరు యాడా రాయలేదు, పోనీండి సార్. దీని పేరన్నా రాయండి. లేకుంటే నేను పోయిన మర్నాడే కాలవలో పోస్తారు."

ఆయన జాడీ ఊసు లేకుండానే జాబితాను పక్కకు నెట్టారు. అందుచేత జాబితా చివరన ఈ వ్యాసకర్తే రాశాడు: "జాడీ ఒకటి. ప్రాణంతో ఉంది." కొట్టివేయదలచినవారు సంతకం పెట్టి మరీ కొట్టివేయాలి.

అంబుజం గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లి, ఏటేటా ఈ గుమ్మంలోకి వచ్చి, ఆ జాడీ యాడుందని మనల్ని నిలదీయుదురు గాక!