వెర్నాన్ క్లచ్చు పీకేసిన కథ

శనివారం పొద్దున్నే బేకర్స్‌ఫీల్డ్‌లో సోఫల్ డోనట్ల కొట్టు ముందు మా పాత కార్లు బారులు తీరతాయి. ఆ రోజు మేం వెళ్ళేసరికి వెర్నాన్ టీగ్ ఒక్కడే బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో కాఫీ. పక్కన కారు లేదు.

మాలో హాలిస్ కారు దిగీ దిగకముందే మొదలుపెట్టాడు. "ఏరా, విన్నది నిజమేనా? పంతొమ్మిదివందల ముప్పై రెండు నాటి ఫోర్డులో, బంగారంలాంటి నాలుగు గేర్ల పెట్టె పీకేసి ఆటోమేటిక్ పెట్టావట! సిగ్గులేదూ? ఇంకేం, వెనక అద్దానికి లేసు కర్టెన్లు కూడా కట్టు."

వెర్నాన్ రోడ్డు వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇక మాకు అర్థమైపోయింది, కోతలు ఎత్తుకున్నాడని.

"నవ్వండి నవ్వండి. ఆ పని చెయ్యడానికి దమ్ముండాలి. ఒక్క మధ్యాహ్నంలో ముగించా, ఒక్కణ్ణే. కారు కింద దూరి నట్లు విప్పుతున్నానా, పాత గేరుబాక్సు ధబీమని నా గుండెల మీద పడింది. ఇంకొకడైతే అప్పడమయ్యేవాడు. నేనేం చేశానో తెలుసా? ఎలాగూ పడుకునే ఉన్నాను కదాని దాన్ని బల్లగా వాడుకుని, దాని మీదే పళ్ళెం పెట్టుకుని నా బీఫ్ సాండ్విచ్ తినేసి, అప్పుడు పక్కకి తోశా."

"జాకీ ఏమైంది?" అన్నాను నేను.

"జాకీలు మీలాంటి వాళ్ళకి. సరే, కొత్తది లావుపాటిది, కారు నేల కింద పట్టదే! కట్టర్ తెచ్చి రేకు కోయాలన్నారు పెద్ద పెద్ద మెకానిక్కులు. నేను లోపల కూర్చుని మడమతో ఒక్క తన్ను తన్నా. రేకు గుమ్మటంలా పైకి లేచింది. కొలత పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు."

"కింద ఉన్న రేకుని పైనుంచి తంతే పైకెలా లేస్తుందిరా?"

"అదే కదా విద్య! మధ్యలో అడ్డురాకు హాలిస్." మళ్ళీ రోడ్డు వైపు చూశాడు. ఒక పాల లారీ పోయింది. "ఎక్కడున్నాం? ఆఁ, ఆయిల్. పోస్తున్నా, పోస్తున్నా, తాగుతోంది. ఊళ్ళో కొట్లన్నీ ఖాళీ చేశా. చివరికి భూమిలో ఆయిలు తోడే ఆ గుర్రపుతల యంత్రం ఉంది చూశారూ, మా ఇంటి వెనకాల? దానికే పైపు తగిలించా. రెండు రోజులు ఆ యంత్రం వట్టి గాలి తోడుకుంది."

"ఒక్క మధ్యాహ్నం అన్నావుగా?"

"ఒక్క మధ్యాహ్నమే. కాస్త పొడుగు మధ్యాహ్నం."

అప్పుడే దూరంగా సైరన్ మోగింది. వెర్నాన్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. సైరన్ నది వైపు నుంచి దగ్గరికొచ్చింది. ఫైరింజన్ ఒకటి మా ముందునుంచి దూసుకుపోయి, ఊళ్ళోకి మలుపు తిరిగింది. అది ఊళ్ళోకే పోతోందని నమ్మకం కుదిరాక గానీ అతని భుజాలు దిగలేదు. కప్పు మూత చుట్టూ కాఫీ ఒలికి ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు, ముందుకంటే గట్టిగా. "లీవర్ ముందుకి లాగానో లేదో, బండి కదిలింది. కదిలిందని నాకే తెలీదు, పక్కింటివాళ్ళు వెనక్కి పోతుంటే తెలిసింది! దక్షిణాన కొండ ఎక్కించా. మీ కార్లు ఆవిర్లు కక్కుకుంటూ పక్కన ఆగే చోట నాది గేరు మారుస్తూ, మారుస్తూ... ఎంత వేగమంటే, పైకి చేరి చూసుకుంటే కారుకి నీడ లేదు. నీడ వెనకపడిపోయింది! పావుగంట ఆగితే రొప్పుకుంటూ వచ్చి చక్రాల కింద దూరింది."

"పాపం, నీళ్ళైనా ఇచ్చావా?" అన్నాడు హాలిస్. అందరం నవ్వాం. వెర్నాన్ నవ్వలేదు.

"ఇప్పుడదంతా దాటిపోయిందిరా. నేను మనసులో అనుకుంటే చాలు, గేరు పడుతుంది. డోనట్ అనుకుంటే ఇటే తిరుగుతుంది. అసలు నేనే అక్కర్లేదు దానికి. ఈ పొద్దున నన్ను ఇక్కడ దింపి, అదే షికారు పోయింది. నది వంతెన దాకా వెళ్ళి తిరిగొస్తుంది. తాళం నా దగ్గర కూడా లేదు, చూసుకోండి." చొక్కా జేబు తట్టి చూపించాడు. జేబులో రెండు ఫోన్లున్నాయి.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి వింటున్న సోఫల్ ముందుకొచ్చింది. పాతికేళ్ళుగా మాకు కాఫీ పోసి పోసి మా అందరి గుట్లూ తెలిసిన మనిషి. చేతిలో చిన్న కాగితం సంచి ఉంది. వెర్నాన్ పెళ్ళాం నెటీకి ఏడాదిన్నర కింద పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది. అప్పట్నుంచి ఇక్కడికొచ్చినా ఆమె కారు దిగదు. ప్రతి శనివారం సోఫలే ఆపిల్ డోనట్ పట్టుకెళ్ళి కిటికీలోంచి ఇస్తుంది.

"పెద్దాయనా, నెటీగారు ఏరి?"

వెర్నాన్ కాఫీలోకి చూశాడు.

"ఆమె లేకుండా నువ్వెప్పుడూ రాలేదే. ఆ రెండో ఫోను ఆమెదేగా? కారు ఎవరు నడుపుతున్నారు?"

కోతలన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి.

"ఆవిడే," అన్నాడు వెర్నాన్. గొంతు చిన్నదైపోయింది. "ఒక్కతే. ఇవాళే మొదలు. డాక్టరు సరేనన్నాడు, లైసెన్సువాళ్ళు కూడా పరీక్ష పెట్టి సరేనన్నారు. కుడికాలు బాగానే ఉంది కదా. ఎడమకాలితో తొక్కాల్సిన క్లచ్చే తొక్కలేకపోతోంది... అందుకే పీకేశా. ఇక్కడి దాకా తనే నడిపింది. నేను పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతున్నానని విసుక్కుని, నన్ను దింపి, దారిలో నేను ఫోన్లు చెయ్యకుండా తన ఫోను కూడా నా చేతిలో పెట్టి పోయింది. ఈపాటికి వచ్చేసి ఉండాలి."

"రైలుగేటు పడి ఉంటుందిరా," అన్నాడు హాలిస్ మెల్లగా.

"నేను బిగించిన నట్లే కదరా అన్నీ. చలికాలమంతా పట్టింది. బిగించడం, అనుమానమొచ్చి విప్పడం. నిన్న కూడా విప్పి చూశా. అయినా..." అరచేతులు తొడలకి తుడుచుకున్నాడు. "ఆమెకి నేను సరిగ్గా చేశానో లేదో."

హాలిస్ తన కారు తాళాలు తీశాడు, వెతకడానికి. వద్దన్నాడు వెర్నాన్. వెనకాలే మనిషిని పంపానని తెలిస్తే ఇక జన్మలో క్షమించదట. వయసులో ఉన్నప్పుడు రేసుల్లో హాలిస్‌కి దుమ్ము తినిపించిన మనిషి ఆమె. మేం అలాగే నిలబడ్డాం. వచ్చే ప్రతి కారూ ఆమెదనిపించేది, దగ్గరికొస్తే కాదు.

చివరికి కనపడక ముందే వినపడింది. ఆ ఇంజను మోత ఇంకే బండికీ లేదు. నల్ల ఫోర్డు మలుపు తిరిగి, కొట్టు ముందు మెత్తగా వచ్చి ఆగింది. స్టీరింగ్ వెనక నెటీ, జుట్టంతా రేగిపోయి, చెంపలు ఎర్రబడి.

"గేటు దగ్గర గూడ్సు, ఎంతకీ అవ్వదే!" అంది. "ఆనక వంతెన దాటితే రోడ్డు ఖాళీగా ఉంది. ఎందుకు ఆగాలి, వెళ్ళిపోయా."

"ఆటోమేటిక్ ఎలా ఉందమ్మా?" అన్నాడు హాలిస్.

"ఎర్రలైటు దగ్గర నా పక్కన ఆగు, పచ్చలైటు పడగానే చెప్తా."

వెర్నాన్ వంగి కారు కిందకి చూస్తున్నాడు, ఆయిలు బొట్టు ఏమైనా పడుతోందా అని. ఏమీ పడలేదు. లేచి ఆమె కిటికీ పట్టుకున్నాడు. ఆమె అతని వేళ్ళ మీద ఒక్క తట్టు తట్టింది.

సోఫల్ సంచి అందించింది. నెటీ దాన్ని పక్క సీట్లో పడేసి, "ఎక్కకు వెర్నాన్, కూర్చో. ఇంకో చుట్టు కొట్టొస్తా," అంది. అన్నంతపనీ చేసింది.

కారు మలుపు దాటిపోయింది. వెర్నాన్ కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. హాలిస్ అతని కుర్చీ తెచ్చి రోడ్డుకి ఎదురుగా వేశాడు. తర్వాత తనదీ తెచ్చి పక్కన వేసుకున్నాడు. ఒక్కొక్కరం మా కుర్చీలూ అటు తిప్పుకున్నాం.