వేలికి తగిలే దారి

నరసరావుపేటలో కాలేజీ ఎదుట ఫరా లేజర్ కటింగ్ షాపు. ఇళ్ళకు పేర్ల బోర్డులు, పెళ్ళిళ్ళకు బొమ్మలు కోసి ఇచ్చే చోటు. మధ్యాహ్నం వేళ. చిన్నతనంలోనే చూపు పోయిన అమూల్య, బస్టాండు నుంచి కాలేజీకి దారి చెక్కించిన చెక్కను కౌంటరు మీద పెట్టి వేళ్ళతో తడుముతోంది.

"ఇది తప్పు, ఫరా అక్కా. దారి లోపలికి దిగింది."

"దిగుద్దిగా మరి! లేజరంటేనే కాల్చి లోపలికి చెక్కడం. నీ పేరు చెక్కమన్నా ఇట్నే వచ్చిద్ది."

"వేలికి కాలవ లాగా తగులుతంది. రోడ్డు పైకి లేవాలి."

"పైకి లేపడం మిషను వల్ల కాదే తల్లీ."

"నీ వల్ల అవుద్దిగా. రోడ్డు వరకూ వేరే చెక్కలో కోసి దీని మీద అంటించు."

"అబ్బో! గట్టిదానివే నువ్వు. సరే, పల్చటి ప్లైవుడ్‌లో కోస్తా. అంచులు గీరుకోకుండా ఉప్పుకాయితం కూడా కొడతా."

"ఇంకోటి. ఈ గుండ్రమేంది?"

"బస్టాండు. గుండ్రంగా అయితే అందంగా ఉంటదని..."

"అందం నాకెందుకక్కా? బస్టాండుకు రెండు గేట్లు. బస్సులొచ్చేది ఒకటి, బయటికి పోయేది ఒకటి. పోయే గేటు పక్కనే మనిషి నడవాలి. అక్కడొక గాడి పెట్టు."

"రాసుకుంటన్నా. చెప్పు."

"బయటికొచ్చాక ఎడం చేతి వైపు. నూటపది అడుగులు. చెరుకురసం మిషను గజ్జెలు వినబడతయ్. అక్కడ రోడ్డు దాటకూడదు."

"చెరుకురసం బండి కూడా చెక్కమంటావా ఏంది?"

"మూడు చుక్కలు పెట్టు, చాలు. అది దాటాక మురుక్కాలవ మీద ఒకచోట బండ లేదు. అక్కడ చెక్కకు బొక్క పెట్టు. వేలు దిగిపోవాలి."

"నేను రోజూ స్కూటీ మీద అటే వస్తా. బండ లేదని నాకే తెలవదు!"

"నీకెట్టా తెలిసిద్ది? చూస్తా పోయేదానివి."

"ఏమే అమూల్యా! కాలేజీ గేటు కాడ కూర్చోమంటే ఇక్కడేం చేస్తన్నావే? వాచ్‌మన్ చెప్పబట్టి సరిపోయింది!"

"వచ్చావా అమ్మా? ఈమె ఫరా అక్క. అక్కా, మా అమ్మ, నాగలక్ష్మి."

"కూర్చోండి పిన్నీ. క్రోసూరు నించి రోజూ మీరే తీసుకొస్తారంటగా. సాయంత్రం దాకా కాలేజీ బయటే కూర్చుంటారంట."

"కూర్చోకపోతే ఎవరు తీసుకుపోతారమ్మా? లెయ్యవే, ఇంటికి పోదాం. ప్రిన్సిపాలు గారితో మాట్లాడొచ్చా. రేపణ్ణించి కాలేజీ లేదు."

"ఎవరికి లేదు?"

"నీకే."

"ఎందుకు లేదు?"

"నా మోకాళ్ళు పని చెయ్యట్లా."

"ఆదివారం పొద్దస్తమానం మిరపచేలో వంగి కాయ కోశావుగా?"

"మరి ఇంటి పనెవరు చేస్తారు?"

"మోకాళ్ళా, ఇంటి పనా? ఏదో ఒకటి చెప్పు."

"నోరెక్కువైంది నీకు! ఊళ్ళో అంతా అననే అంటన్నారు, కళ్ళు లేని పిల్లకు డిగ్రీ ఎందుకని."

"రెండేళ్ళ నించీ అంటన్నారు. రెండేళ్ళ నించీ వాళ్ళ నోళ్ళు మూయిస్తంది నువ్వే. మీ పిల్లలు కళ్ళుండి ఏం వెలగబెట్టారని మన వీధిలో నిలబడి అడిగావు. ఇప్పుడేమైంది?"

"ఏం కాలా."

"ఏం కాకపోతే నేను మానను. నువ్వు రాకపోయినా వస్తా. ఒక్కదాన్నే వస్తా."

"లారీ కింద పడతావు."

"పడను."

"పడతావే! నా మాట విను."

"పడనంటన్నా! మొన్న సోమవారం నించి నువ్వు ముందు గేటు కాడ కూర్చుంటే, నేను కాలేజీ వెనక గేటు నించి బస్టాండు దాకా పోయి వస్తన్నా. నాలుగుసార్లు పోయొచ్చా. ఒక్కదాన్నే."

"అమ్మో, అమ్మో! ఎవడన్నా ఏమన్నా చేస్తే?"

"ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. కర్రతో మోకాలి మీద ఒకటిచ్చా. పాపం, రోడ్డు దాటిద్దామని పట్టుకున్నాడంట. సారీ చెప్పా."

"నువ్వు నవ్వమాక తల్లీ! నీవల్లే ఇదంతా. దానికి చెక్కలు చేసిచ్చి రోడ్డు మీదకు తోల్తన్నావు. ఇటియ్యి దాన్ని, విరిచి పారేస్తా!"

"విరవండి పిన్నీ. బొమ్మ కంప్యూటర్లో ఉంది. మీరు బయటికి పోయేలోపు ఇంకోటి కోస్తా. అది కూడా విరవండి. షాపులో ప్లైవుడ్ చానా ఉంది."

"కన్నదాన్ని నేనా, నువ్వా?"

"మీరే. కాదన్లా. మా అత్తగారింట్లో కూడా ఈ మిషను వద్దన్నారు పిన్నీ, ఆడదానికి నిప్పుతో పనేందని. వాళ్ళ మాట వింటే ఈ పాటికి నేను..."

"నీ సంగతి నీది. దీని సంగతి వేరు. లెయ్యవే!"

"లెయ్యను. అమ్మా, శుక్రవారం మనం వినుకొండ బస్సెందుకెక్కాం?"

"ఎందుకేంది? బోర్డు మార్చి ఉంటాడు వాడు."

"మార్చలా. మన ఊరి వైపు పోయే సత్తెనపల్లి బస్సనుకొని ఎక్కించావు. ఊరు దాటాక కండక్టరు దించాడు."

"చీకటి పడిందిగా."

"నాలుగున్నరకు చీకటేందమ్మా?"

"జనం ఎక్కువున్నారు. కంగార్లో..."

"కంగారా? నాన్నకు ఫోను చేసేటప్పుడు నంబరు నన్నే నొక్కమంటన్నావు. నిన్న అన్నంలో రాళ్ళు. పొద్దున గడప రెండుసార్లు తన్నుకున్నావు. చప్పుడు వినబడదా నాకు?"

"ఊరుకోవే. పరాయివాళ్ళ ముందు ఏందిది?"

"నేను లోపలికి పోతాలే పిన్నీ, మీరు మాట్లాడుకోండి."

"పోమాక, ఫరా అక్కా. ఇందులో దాచుకునేదేం లేదు. సిగ్గుపడాల్సిందీ లేదు. అమ్మా, నాకు పదేళ్ళప్పుడు ఇట్నే మొదలైంది. పొద్దుగూకితే గోడలు తగిలేవి. పక్కన నిలబడ్డ మనిషి కనబడేది కాదు. అప్పుడే గుంటూరు డాక్టరు చెప్పాడు, ఇంట్లో ఇంకొకళ్ళకు కూడా రావచ్చని. నువ్వు మర్చిపోయావు. నేను మర్చిపోలా."

"మర్చిపోలేదే. ఎట్టా మర్చిపోతా?"

"మరి చెప్పవేం?"

"ఏం చెప్పను? నన్నొకళ్ళు పట్టుకు నడిపిస్తే, నిన్నెవరు నడిపిస్తారే? నీ చెయ్యి పట్టుకొని రోడ్డు దాటేటప్పుడు ఎంత భయపడతన్నానో నీకేం తెలుసు? వచ్చే బండి నాకు సగమే కనబడతంది. ఇంట్లో ఉంటే ఇద్దరం పడకుండా ఉంటామని..."

"ఇంట్లో ఉండం. నేనూ ఉండను, నువ్వూ ఉండవు. రేపు ఆస్పత్రికి పోదాం. నేనే తీసుకుపోతా. తర్వాత కాలేజీకి వస్తా, నువ్వు కూడా వస్తావు."

"నేను కూడానా? నేనేం రాగలనే, దారి కనబడకపోతే?"

"చెయ్యి ఇటియ్యి. ఈ వేలు ఇక్కడ పెట్టు. ఇది బస్టాండు. కళ్ళు మూసుకో."

"ఎందుకే? నీ చెక్కతో నాకేం పని?"

"నాకీ దారి ఎప్పుడో వచ్చేసిందమ్మా. ఈ చెక్క చేయిస్తంది నీకోసం."