డేనియల్ దొర వేసిన బొమ్మ

అది పంతొమ్మిదివందల తొంభై ఏడు. కొత్తపేట దగ్గర ఓ పెద్దింటి అరుగు మీద, కిందటేడు తుఫానుకి తడిసిన నిలువెత్తు ఆయిల్ పెయింటింగు గోడకి చేరేసి ఉంది. దాని ముందు ముగ్గురున్నారు: ఇంటి యజమాని సూర్యప్రకాశరావు, ఆయన భార్య వీరాయమ్మ, బొమ్మ శుభ్రం చేయడానికి రాజోలు నుంచి వచ్చిన రిటైర్డు డ్రాయింగు మాస్టారు జ్ఞానప్రకాశం.

"నెమ్మదిగా రుద్దండి మాస్టారూ. అది మా తాతగారి బుగ్గ, అంట్ల గిన్నె కాదు."

"బుగ్గ కాదండి రావుగారూ, బూజు. బుగ్గ ఇంకా దాని కిందుంది."

"ఆదివారం తాతగారి పేరున గ్రంథాలయం ప్రారంభోత్సవం. గ్యాసు కంపెనీ ఆఫీసరుగారొచ్చి దీని మీద ముసుగు తీస్తారు. కార్డులు కూడా పంచేసేం, చూసేరా? 'లండన్ చిత్రకారుడు డేనియల్ దొరగారు చిత్రించిన' అని, బంగారపు అక్షరాల్తో."

"చూసేనండి. లండన్ అని ఎవరు చెప్పేరండి?"

"ఒకరు చెప్పేదేంటి? మూల సంతకం లేదూ, డేనియల్ అని ఇంగ్లీషులో? ఇంగ్లీషులో సంతకం, పేరు డేనియల్. దొర కాక ఇంకెవడవుతాడు?"

"మా నాన్నవుతాడండి."

"ఏంటీ?"

"మా నాన్నగారి పేరు డేనియలండి. ఈ ఊరి చివర పేటలోనే పుట్టేరు. లండన్ ఎరగరు. ఓసారి నర్సాపురం దాకా వెళ్ళొచ్చేరు, అదీ పంటు మీద గోదారి దాటి."

"హాస్యాలొద్దు మాస్టారూ."

"హాస్యం కాదండి. మిషన్ బోర్డింగులో చదివేరు. అక్కడ దొరసానిగారికి బొమ్మలెయ్యడం పిచ్చి. ఆవిడ బ్రష్షులు కడిగి కడిగి ఈయన నేర్చుకున్నారు. క్రిస్మసు నాటకాలకి తెరల మీద బొమ్మలేసేవోరు. అది తెలిసి మీ తాతగారు కబురెట్టేరు."

"వీరాయీ, వింటున్నావా? నువ్వేనా ఈయన్ని పిలిపించింది?"

"నేనేనండి. అమలాపురంలో ఫొటోల షాపువాడు ముట్టుకోనన్నాడు కదా. ఈయనైతే కూలి కూడా వద్దన్నారు."

"కూలి వద్దన్నప్పుడే అనుమానించాల్సింది. సరే మాస్టారూ, మీ నాన్నగారే వేసేరనుకోండి. మా తాతగారు ఎదురుగా కూచున్నారు, ఆయన వేసేరు. అంతేగా?"

"కూచోలేదండి."

"కూచోకుండా?"

"పేటలో కుర్రోడి ఎదురుగా గంటలు గంటలు కూచుంటే మైల కదండి. పైగా వాడు తేరిపార చూస్తాడాయె. అందుకని కోటు, తలపాగా, చేతికర్ర, బూట్లు ఓ బుట్టలో పెట్టి గోడ మీంచి అందించేరటండి. 'మొహం ఎలాగూ దూరాన్నించి చూసే ఉంటావు కదరా, గుర్తుతో వేసెయ్' అన్నారంట."

"మరి, గుర్తుతో వేసేరా?"

"గుర్తెక్కడిదండి? మీ తాతగారు వస్తుంటే పేటవాళ్ళు తల దించుకోవాలి. మా నాన్నకి ఆయన బూట్లు బాగా గుర్తున్నాయి. మొహం ఏనాడూ చూళ్ళేదు."

"అయితే ఈ మొహం ఎవరిది?"

"మా తాతదండి. సత్తియ్య. మీ ఇంటి పాలేరు. కోటు తొడిగి కూచోబెట్టి వేసేరు."

"నోరు జాగ్రత్త మాస్టారూ."

"జాగ్రత్తగానే చెప్తున్నానండి. ఆ బొత్తాలు చూడండి. కోటు ముందు తెరుచుకునుంది. అరక దున్నే ఛాతీ, అందులో పట్టలేదు."

"అది... అది అప్పటి ఫేషను."

"ఎడం చెవి తమ్మె చీలిపోయుంది, చూసేరా?"

"పులి కొట్టింది. మా తాతగారు వేటకెళ్ళినప్పుడు. ఊరందరికీ తెలుసు."

"కోనసీమలో పులేంటండి, కొబ్బరికాయలు తింటానికొచ్చిందా? మీ ఇంటి గిత్తే కుమ్మింది, బండి విప్పుతుంటే. మా నాన్న చెప్పి చెప్పి పోయేరు."

"వీరాయీ, నువ్వెందుకు నవ్వుతున్నావ్?"

"నవ్వట్లేదండి. దగ్గు."

"మరి ఇది చూసి మా తాతగారు ఊరుకున్నారా? తన మొహం తనకి తెలీదా?"

"చూసి మురిసిపోయేరంటండి. 'వెధవ, ఉన్నదున్నట్టు దింపేడు' అని రెండు కుంచాల బియ్యం ఎక్కువిప్పించేరట."

"ఇంట్లోవాళ్ళైనా చెప్పద్దూ, వీరాయీ?"

"ఎవరు చెప్తారండి? మీ నాయనమ్మగారు నాతో అనేవోరు, 'ఆయన పీలగా ఉండేవోరే, ఈ బొమ్మే నయం' అని. పొద్దున్నే లేచి దీనికే దణ్ణం పెట్టుకునేవోరు. తాతగారు పక్క గదిలో బతికున్నప్పట్నించీనట."

"అంటే తెలిసే నలభై అయిదేళ్ళు నాచేత దండలు వేయించేవా?"

"మీరు వేస్తుంటే నేనెందుకు కాదంటానండి? ఎవరైతేనేం, పెద్దాయనే కదా."

"సరే, అయిందేదో అయింది. మాస్టారూ, ఆ మొహం గీకెయ్యండి."

"గీకనండి."

"ఏం?"

"రావుగారూ, మీకు ఇల్లుంది, పొలం ఉంది, మీ తాతగారి పేరుతో ఊళ్ళో రోడ్డుంది. మా తాత ఎలా ఉండేవాడో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఫొటో లేదు. సమాధి మీద రాయి కూడా లేదు. ఆయన మొహం లోకం మొత్తం మీద ఇక్కడొక్కచోటే ఉంది. నాకు అరవై ఆరేళ్ళు. ఇవాళే మొదటిసారి చూడ్డం. కూలి వద్దన్నది అందుకేనండి. గీకమంటే నా వల్ల కాదు."

"మీ బాధ మీది, నా బాధ నాది. ఆదివారం ఆఫీసరుగారు ముసుగు తీసి మా పాలేరుకి దండేస్తే, ఈ సంగతి ఎవడైనా కనిపెడితే, డెబ్భయ్యేళ్ళొచ్చేక నేను ఊళ్ళో తలెత్తుకోగలనా? మీరు కాదంటే సినిమా బోర్డులేసేవాణ్ణి పిలుస్తాను. వాడు గంటలో మార్చేస్తాడు."

"వాడైనా ఎవరి మొహం వేస్తాడండి? మీ తాతగారి ఫొటో ఉందా?"

"లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని దిగలేదు. నేను పుట్టకముందే పోయేరు."

"మరి?"

"నాది వెయ్యమంటా. తాత పోలిక మనవడికి రాదా? పోనీ మాస్టారూ, మీ చేత్తోనే వెయ్యండి. ముందు వేరే గుడ్డ మీద మీ సత్తియ్యని దింపుకుని పట్టుకెళ్ళండి, నేనేం అనను. తర్వాత దీని మీద నన్ను దింపండి. మా తాత కూచోలేదన్నారుగా, నేను కూచుంటాను. మీ ఎదురుగానే. ఎంతసేపైనా సరే."

"నిజంగానా అండి?"

"మాటంటే మాటే."

"ఆయ్. అయితే ఆ కుర్చీ బొమ్మ పక్కకి లాక్కోండి, వెలుగులోకి. కళ్ళజోడు తీసెయ్యండి."

"తీసేను."

"గెడ్డం కొంచెం పైకి."

"చాలా?"

"చాలండి. కదలకండి."

"ఏంటి మాస్టారూ, బొమ్మకేసి ఓసారి, నాకేసి ఓసారి? మెడ పట్టేస్తోంది. మొదలెట్టండి."

"మొదలెట్టడానికేం లేదండి."

"అంటే?"

"మార్చాల్సిందేం కనపట్టం లేదండి. కనుబొమలు అవే. ముక్కు అదే. ఆ గెడ్డం మీద సొట్ట కూడా... అమ్మగారూ, మీరోసారి ఇటొచ్చి చూడండి."

"ఆ పోలిక నేను పెళ్ళయిన కొత్తలోనే చూసేనండి. కాఫీ చల్లారిపోతోంది, తాగండి మరిదిగారూ."