రజని ఒక్కపొద్దులు

ఏంది వదినా, చెప్పేసినావు గదా! డాక్టరమ్మ అడిగింది నన్ను. జవాబు చెప్పింది నువ్వు. అదీ మా ఆయన ఎదురుగానే!

‘రజనివి దేవుని ఒక్కపొద్దులు కావు మేడం, తింటే లావైపోతానని భయం’ అంట. ఎంత సాఫీగా చెప్పినావు!

నీ ఒక్కదానితోనే చెప్పుకున్న మాట అది. మీ ఊరు బండ్రిలో నిన్ను చూసొచ్చి, ‘నాకు ఈ పిల్లే వదిన కావాల’ అని అన్నతో కొట్లాడింది ఎవరు? ఊరికే అడుగుతాండా.

బస్సులో కండ్లు తిరిగి పడినా, నిజమే. ఎండకు ఎవరు పడరు? జుట్టు రాలుతాంది, అది బోరునీళ్లకు. అన్నిటికీ నా దగ్గర జవాబులుండె. చెడగొట్టినావు.

సోమవారం శివునికి, మంగళవారం మారెమ్మకు, గురువారం రాయరుకు, శనివారం ఆంజనేయునికి. మిగతా దినాలకు గూడా ఎవరో ఒక దేవుణ్ణి చూసుకుంటాంటి. ‘మా ఇంటిదానికి ఎంత భక్తో’ అని ఆయన సిరుగుప్ప రైసుమిల్లులన్నీ తిరిగి చెప్పుకునె. ఇప్పుడు నా మొహం గూడా చూస్తాలేడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానంట!

ఊళ్లో ఏ సంగతైనా మొదట నా నోట్లోంచి రావాల. ‘జంబన్న కడుపు ముందు బస్సు దిగుతాది, జంబన్న వెనకాల దిగుతాడు’ అన్నది ఎవరు? ‘యల్లమ్మ వాకిట్లో నిలబడితే ఎదురింట్లో లైటు వేసుకోవాల’ అన్నది ఎవరు? ఈ పొద్దు నా సంగతి తెలిసి ఆ యల్లమ్మే వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చిపోయె. నవ్వింటే ఎంత బాగుండు!

మీరంతా బయటున్నప్పుడు డాక్టరమ్మ ఒక దారం ఇచ్చింది. ‘నీ నడుం ఎంతుంటాదో అంతకు ముడేసి ఇయ్యమ్మా’ అనె. బాగా ఆలోచించి ముడేసిస్తి. దాన్ని నా తల మీద నుంచి నడుముకు దించె. ఏం చెప్పేది! నేను పోగా, నువ్వు గూడా పట్టేంత జాగా ఉండాది.

‘నీ కండ్లు నీకు నిజం చెప్తాలేవమ్మా’ అనె. ఇంగ నువ్వు మోసం చేసినావని యాడ మొత్తుకోవాల?

అట్ల చూడొద్దు. ఆ అన్నం తట్ట ఈడ పెట్టు. తింటానన్లేదు, పెట్టమన్నా.

ఇంకో మాట. దీన్నన్నా కడుపులో పెట్టుకో. ఆ దారం అంత వదులుగా ఏలాడుతాంటే గూడా, వదినా, నాకు బిగుతుగానే అనిపించె.