ఆంజనేయప్రసాద్ వాగు దాటిన వైనం

శాన్ రామన్‌లో ఆంజనేయప్రసాద్ ఇంటికి వచ్చినవాళ్ళు భోంచెయ్యకుండానైనా వెళ్ళారేమో గానీ, హవాయి కథ వినకుండా వెళ్ళిన పాపాన పోలేదు. ఆయన భార్య వసంతలక్ష్మికి ఆ కథ కంఠతా వచ్చు. మొదట్లో అందులో వాగు మోకాలి లోతుండేది. పోయిన దీపావళికి నడుం దాకా వచ్చింది. ఈ శనివారం ఎందాకా వస్తుందో చూద్దామని ఆవిడ మిరపకాయ బజ్జీల పళ్ళెం తెచ్చి వెనక పేటియో అరుగు మీద పెట్టి, తనూ ఓ కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈసారి శ్రోతలు ఇద్దరే. ఎమ్మెస్ చదువుతున్న వినీత్, వాడి క్లాస్‌మేట్ దేదీప్య. వినీత్‌ది కరీంనగర్, దేదీప్యది గుంటూరు. స్ప్రింగ్ బ్రేక్‌కి మంగళవారం స్నేహితులతో హవాయిలోని కవాయి దీవికి పోతున్నారు, సరిగ్గా ఆ కథలోని జలపాతం చూడ్డానికే. వెళ్ళొచ్చినవాళ్ళని నాలుగు సలహాలు అడుగుదామని వచ్చారు, పాపం.

"అక్కడ ట్రెయిల్ కష్టమా అంకుల్?" అంది దేదీప్య.

"నాకైతే కాదమ్మా," అన్నాడు ఆంజనేయప్రసాద్, ఓ బజ్జీ అందుకుని. "మామూలు మనుషులకి కష్టమే. రెండువేల తొమ్మిదిలో మేం వెళ్ళాం కదా, దారంతా బురద, తెల్లవాళ్ళంతా ఖరీదైన బూట్లేసుకుని జారి జారి పడుతున్నారు, నేనేమో మామూలు చెప్పులతో, వరిగట్ల మీద నడిచిన కాళ్ళు కదా ఇవి, చకచకా పోతుంటే వెనకనించి ఎవరో 'సర్, మీరు ఇక్కడి గైడా' అని అడిగారు. కావాలంటే మీ ఆంటీనడగండి, పక్కనే ఉంది."

వసంతలక్ష్మి తల దించుకుని బజ్జీలో మిరపగింజలు ఏరుతోంది. ఆవిడ విన్నది "సర్, కొంచెం దారిస్తారా" అని.

"ఇంకాస్త ముందుకెళ్తే ఒక వాగు. రాళ్ళ మీద అడుగులేసి దాటాలి. మేం వెళ్ళేసరికి కొండ మీద వాన పడి వాగు పొంగింది, పొంగడమంటే ఇలా అలా కాదు, పీకల్లోతు. దాటొద్దని గట్టున బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డులు లాయర్ల కోసం పెడతారమ్మా, మనకోసం కాదు. ఇక నేనేం చేశానో చెప్పుకోండి చూద్దాం?"

"వాపస్ వచ్చిర్రా?" అన్నాడు వినీత్.

"వాపసా? నా పేరేంటయ్యా? ఆంజనేయుడు సముద్రాన్ని చూసి వెనక్కొచ్చాడా? మీ ఆంటీ బ్యాగులో ధర్మవరం పట్టుచీర ఉంది, జలపాతం ముందు ఫొటో దిగాలని తెచ్చుకుంది. దాన్ని తీశాను, ఒక కొస జామచెట్టుకి కట్టాను, రెండో కొస పళ్ళతో కరిచిపట్టి దూకాను. నడిమధ్యలో ఒక దుంగ కొట్టుకొచ్చింది, మన పేటియో అంతుంటుంది, ఎడంచేత్తో పక్కకి నెట్టేశా. అవతల గట్టున ముప్పైమంది ఇరుక్కుపోయి ఒకటే ఏడుపు."

"చీర అంత పొడుగుంటదా అంకుల్?"

"తడిస్తే పట్టు సాగుతుందయ్యా. సరే, ఒక్కొక్కళ్ళనీ వీపున ఎక్కించుకుని దాటించాను. ఇంతలో రెస్క్యూ హెలికాప్టరొచ్చింది. ఈదురుగాలికి అటూ ఇటూ ఊగిపోతోంది, పైలట్‌కి కంట్రోల్ తప్పింది, తాడు వదిలాడు. నేను పట్టుకుని పైకెక్కాననుకుంటున్నారు కదూ? కాదు. గాలిపటాన్ని లాగినట్టు లాగి, హెలికాప్టర్‌నే తెచ్చి ఇసకలో దించాను. పైలట్ కాళ్ళ మీద పడబోతే వద్దు బాబూ అని ఇంత పులిహోర పెట్టాను. మీ ఆంటీ తెచ్చిన ఒక్క డబ్బా పులిహోర, ముప్పైమందీ తిన్నారు, ఇంకా అడుగున మిగిలింది. ఇప్పటికీ ఆ దీవిలో మబ్బేస్తే రేంజర్లు నాకు ఫోన్ చేసి, 'ప్రసాద్ గారూ, ట్రెయిల్ తెరవమంటారా, మూసెయ్యమంటారా' అని అడుగుతారు."

దేదీప్య పొట్ట పట్టుకుని నవ్వింది. వినీత్ మాత్రం ఏదో ఆలోచిస్తున్నాడు.

"హెలికాప్టర్ ముచ్చట పక్కన పెట్టుండ్రి అంకుల్. దాటిందైతే నిజమే గదా? మాకు అక్కడ ఉన్నది ఒక్కటే రోజు. ఫోర్‌కాస్ట్‌ల వాన చూపిస్తున్నది. తాడొకటి కొనుక్కపోతం. మీరు చీరతోని దాటితే మేం తాడుతోని దాటలేమా?"

ఆంజనేయప్రసాద్ చేతిలో బజ్జీ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"వానొస్తే వద్దయ్యా. వెళ్ళకండి."

"మీరు పోయిర్రు గదా."

"నా సంగతి వేరు."

"ఏం వేరు అంకుల్? నాకు ఈతొస్తది. మీకు రాదని ఆంటీ మొన్ననే చెప్పింది."

ఆంజనేయప్రసాద్ బజ్జీ మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. భార్య వైపు చూశాడు. వసంతలక్ష్మి గింజలు ఏరడం ఆపింది. నలుగురిలో మొగుడి మాట తీసెయ్యడం ఆవిడకి సుతరామూ ఇష్టం ఉండదు, అందుకే ఇన్నాళ్ళూ హెలికాప్టర్‌ని సైతం భరించింది. కానీ మంగళవారం దాటాక ఈ పిల్లలు తాడు పట్టుకుని ఆ గట్టు మీద నిలబడతారు.

"ఈయన దాటలేదు," అంది.

"వసంతా," అన్నాడాయన, నెమ్మదిగా.

"దాటలేదు నాయనా. మేం వెళ్ళేసరికి వాగులో నీళ్ళు పాదాలు మునిగేంతే ఉన్నాయి. ఎండ కాస్తోంది, అందరూ దాటుతున్నారు. చీర కట్టుకుని ఫొటో దిగాలని నేనూ రాయి మీద కాలు పెట్టాను. ఈయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తేటగా ఉన్న నీళ్ళు టీ రంగుకి తిరుగుతున్నాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి, పైన ఎక్కడో వాన పడింది, పద పోదాం అన్నాడు. నేను పిరికివాడివని తిట్టాను. పక్కనవాళ్ళు నవ్వారు. పార్కింగ్‌కొచ్చి కార్లో కూర్చుని పులిహోర తింటుంటే హెలికాప్టరొచ్చింది, దాటి అవతల ఇరుక్కుపోయినవాళ్ళ కోసం."

"మరి ఈ ముచ్చట అంకుల్ ఎన్నడూ చెప్పలేదేంది?" అన్నాడు వినీత్.

"వెనక్కి తిరిగొచ్చిన కథ ఎవరు వింటారని," అంది వసంతలక్ష్మి. "బుద్ధెరిగాక ఈయన చేసిన ఒకే ఒక్క ఘనకార్యం అది. దాన్ని దాచిపెట్టుకుని హెలికాప్టర్లు లాగుతుంటాడు."

దేదీప్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అంకుల్, నీళ్ళ రంగు మారడం మొదలయ్యాక మనకి ఎంత టైం ఉంటుంది?"

కోతలు కొయ్యడానికి ఆంజనేయప్రసాద్‌కి ఇంతకంటే మంచి అవకాశం ఎప్పుడూ రాలేదు.

"ఉండదమ్మా," అన్నాడు. "అప్పుడే వచ్చెయ్యాలి."