చూచితిని

(ఏలూరు, 2006. ఇంజనీరింగ్ కళాశాల కంప్యూటర్ ల్యాబ్. దాని ఇన్‌చార్జి రూబీ. ఎదుట, చిన్నప్పుడు ఆమెకు పాఠం చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఇప్పుడు కళాశాల క్రమశిక్షణ సంఘాధ్యక్షుడు గంగాధరరావు.)

"ల్యాబు తాళాలు అటెండరు ఎలీయాజరు దగ్గరే ఉంటాయి. ప్రశ్నపత్రాల కంప్యూటర్లో చొరబడినవాడు అతడే. ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం. సాక్షిగా సంతకం చెయ్యి, రూబీ."

"అతను కాదండి, మాస్టారూ."

"కాదని నీకెలా తెలుసు?"

"అది... అసలు ప్రశ్నపత్రాల కంప్యూటరే కాదండి. ఎర కంప్యూటరు. మా కొల్లేట్లో చేపలకి వెదురు మావు పెడతారు చూడండీ, దూరడానికి దారుంటుంది, బయటికి రావడానికుండదు. అలాగన్నమాట. దాంతో ఎవరికీ పనుండదు. ముట్టుకున్నవాడు దొంగేనండి."

"ఎందుకీ వేషాలు?"

"దొంగలెలా వస్తారో తెలియాలి కదండీ. ఏ దేశాలవాళ్ళో, రోజూ రెండొందల పాస్‌వర్డులు వేసి చూస్తున్నారు. అవి చూసుకునే అసలుదానికి గడియలు బిగిస్తున్నాను."

"విదేశీయుల సంగతి అలా ఉంచు. ఈ ల్యాబులో కూర్చుని దూరినవాడి మాటేమిటి?"

"ఆయన..."

"ఆయనా? అటెండరును ఆయన అంటావేం?"

"ఒంటి వేలితో కొట్టారండి. నొక్కిన ప్రతి అక్షరమూ, నొక్కిన క్షణంతో సహా నమోదవుతుంది. అందులో ఉన్న ప్రశ్నల ఫైలంతా చదివారు. చదివాక కింద... వదిలెయ్యండి, మాస్టారూ."

"వదలను. కింద ఏమిటి?"

"ఇంగ్లీషు అక్షరాల్లో 'చూచితిని' అని కొట్టి, తేదీ వేశారండి. మా బడి హాజరుపట్టీల మీద, మార్కుల పుస్తకాల మీద వేసేవారే... అలాగే."

"ఆ ఫ్యాను కాస్త పెంచు, రూబీ."

"మంచినీళ్ళు తెమ్మంటారా అండీ?"

"ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే... అది చెరిపెయ్యగలవా?"

"కొట్టింది కొట్టినట్టే ఇంకో కంప్యూటరుకి పోతుందండి. అది ప్రిన్సిపాల్ గారి గదిలో ఉంది. నా చేతుల్లో లేదు."

"ఆ కాగితం ఇలా ఇవ్వు. ఎలీయాజరు పేరు కొట్టేస్తాను."

"మీరు మరీ బెంగపడకండి, మాస్టారూ. పేపరేం బయటికి పోలేదు. ఎర ఫైల్లో ఉన్నవి అసలు ప్రశ్నలు కావు. నేను ఊరికే అల్లినవి. రేపటి పరీక్షలో ఒక్కటీ రాదు."

"ఒక్కటీ రాదా?"

"రాదండి. ఏం?"

"సోమవారం నుంచి మా మనవరాలు హర్షిణి అవే చదువుతోంది, రూబీ. మిగతా పుస్తకం నేనే మూయించాను."